ఒకపక్క క్లాట్, ఇంకోపక్క బ్లీడింగ్: ఐసీయూ గురించి మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వైరల్ ఇన్ఫెక్షన్ ముదిరి ఐసీయూలో చేరినవాళ్ళకి రక్తం గడ్డకట్టడం, దానికి మందిస్తే బ్లీడింగ్ అవడం, ఇంట్లోవాళ్ళు తలపట్టుకోవడం. అందుకని షుగరు, థైరాయిడ్ ఉత్తరాలు వచ్చే సంచికకి జరిపాను, ఏమీ అనుకోకండి. పేర్లు వెయ్యొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్ర: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 61 ఏళ్ళు. కోవిడ్ న్యుమోనియా అని వెంటిలేటర్ మీద పెట్టారు. కాలి నరంలో క్లాట్ ఉందని బ్లడ్ థిన్నర్ మొదలుపెట్టారు, నాలుగు రోజులు తిరక్కుండానే మోషన్ నల్లగా అవుతోంది, హీమోగ్లోబిన్ 11 నుంచి 7.8కి పడిపోయింది అని ఆపేశారు. ఇప్పుడు మళ్ళీ మెల్లగా మొదలుపెడతాం అంటున్నారు. అసలు ఆయన రక్తం చిక్కబడిందా, పల్చబడిందా? ఒకే మనిషికి రెండూ ఎలా వస్తాయి? డాక్టర్లకే క్లారిటీ లేదని మా తమ్ముడు గొడవ చేస్తున్నాడు.

జ: అమ్మా, మీ తమ్ముడికి కోపం రావడంలో తప్పు లేదు గానీ ఇది డాక్టర్ల అయోమయం కాదు, ఈ జబ్బు తీరే అంత. చిక్కదనం, పల్చదనం అన్న లెక్క ముందు పక్కన పెట్టేయండి, ఎందుకంటే బ్లడ్ థిన్నర్ అని మనం పిలిచేది రక్తాన్ని నిజంగా పల్చన చెయ్యదు, గడ్డకట్టే ప్రక్రియని నెమ్మది చేస్తుంది అంతే, ఉన్న క్లాట్‌ని కరిగించేది కూడా అది కాదు, అది పెరగకుండా ఆపుతుంది, కరిగించుకునే పని మన ఒంట్లోని వ్యవస్థే చూసుకుంటుంది.

మామూలుగా రక్తనాళాల లోపలి పొర ఎంతో నున్నగా ఉండి, రక్తం అంటుకోకుండా చూసుకుంటుంది. వైరస్ వల్లా, దాని మీద మన ఇమ్యూనిటీ చేసే దాడి వల్లా ఆ పొర దెబ్బతింటుంది. దెబ్బతిన్న పొర వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే జిగురు ప్రొటీన్‌ని బయటికి వదులుతుంది, తెల్ల కణాల్లో మోనోసైట్లు గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్‌ని పైకి తెస్తాయి, న్యూట్రోఫిల్స్ అయితే ఏకంగా తమ డీఎన్ఏనే వలలాగా బయటికి విసిరేస్తాయి, ఆ వలలో ప్లేట్‌లెట్స్ చిక్కుకుంటాయి. దీనికి తోడు మనిషి రోజుల తరబడి కదలకుండా మత్తులో పడుకుని ఉంటాడు, మెడలో ఒక లైను, తొడ దగ్గర ఒక లైను, అంటే సిరలోకి వేసిన గొట్టాలు. సిరలో క్లాట్ రావాలంటే నాళం గోడ దెబ్బతినడం, రక్తం నిలవుండడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం కావాలని చెప్తారు, 1856లో జర్మన్ డాక్టర్ రుడాల్ఫ్ విర్కో చేసిన పని నుంచి వచ్చిన లెక్క అది, ఇప్పటికీ స్టూడెంట్లకి ఇదే నేర్పిస్తాం. ఐసీయూలో ఉన్న కోవిడ్ పేషెంటుకి ఆ మూడూ ఒకేసారి ఉంటాయి. 2020లో నెదర్లాండ్స్‌లో 184 మంది ఐసీయూ పేషెంట్లని చూస్తే, నివారణ కోసం రోజూ థిన్నర్ ఇస్తూనే ఉన్నా 31 శాతం మందిలో క్లాట్ సమస్యలు వచ్చాయి, వాటిలో ఎక్కువ ఊపిరితిత్తుల్లోవే. కంటికి కనపడని చిన్న క్లాట్ల సంగతి ఇంకా వేరు. అదే ఏడాది చనిపోయినవాళ్ళ ఊపిరితిత్తుల్ని పరీక్షించిన ఒక స్టడీలో, గాలిగదుల చుట్టూ ఉండే సన్నని రక్తనాళాల్లో క్లాట్లు ఫ్లూ వచ్చినవాళ్ళతో పోలిస్తే 9 రెట్లు ఎక్కువ కనపడ్డాయి.

ఇక బ్లీడింగ్ వైపు. దీనికి ఒక్క కారణం ఉండదు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. చెరువు గట్టుకి ఒకచోట అవసరం లేకపోయినా ఇసుక బస్తాలన్నీ గుమ్మరించేస్తే, ఇంకోచోట గండి పడ్డప్పుడు వెయ్యడానికి బస్తా మిగలదు కదా, జబ్బు మరీ ముదిరినప్పుడు ఒంట్లో గడ్డకట్టే సరుకు అలాగే చిన్న క్లాట్లలో ఖర్చైపోతుంది, ప్లేట్‌లెట్స్, క్లాట్‌కి దారాల్లా పనికొచ్చే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ రెండూ పడిపోతాయి. దాన్నే డీఐసీ అంటారు. కోవిడ్‌లో మొదట్లో ఇలా ఉండదు, ఫైబ్రినోజెన్ మామూలుగా డెసిలీటర్‌కి ఉండే 200–400 మిల్లీగ్రాముల కంటే పెరిగే ఉంటుంది, అది పడిపోవడం మొదలైతే మాత్రం మేం కంగారుపడతాం. డీఐసీ లేకపోయినా, తీవ్రమైన జబ్బు ఒత్తిడికి కడుపులో పుళ్ళు పడతాయి, స్టెరాయిడ్ ఇస్తుంటే ఆ రిస్క్ ఇంకొంచెం, ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం లోపల ఒరుసుకుంటుంది, కిడ్నీలు మందగిస్తే ప్లేట్‌లెట్స్ ఉన్నా సరిగ్గా పనిచెయ్యవు పైగా ఎనాక్సపారిన్ లాంటి థిన్నర్ ఒంట్లోంచి బయటికి పోక పేరుకుపోతుంది. వీటన్నిటి మీద ఫుల్ డోసు థిన్నర్. మీ నాన్నగారికి క్లాట్ కాలి సిరలో ఉంది, బ్లీడింగ్ బహుశా కడుపులోనో పేగులోనో. చోట్లు వేరు, కారణాలు వేరు, మనిషి ఒక్కడు.

ఆపి మళ్ళీ మొదలుపెట్టడం ఎందుకంటే, క్లాట్ అలాగే ఉండిపోయింది కాబట్టి, అది విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. సాధారణంగా ఎండోస్కోపీతో పుండు ఎక్కడుందో చూసి, అవసరమైతే అక్కడే క్లిప్ పెట్టి, యాసిడ్ తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చి, హీమోగ్లోబిన్ ఒక రోజో రెండు రోజులో నిలకడగా ఉందని చూశాక హెపారిన్ అనే థిన్నర్‌ని డ్రిప్పులో మొదలుపెడతారు. డ్రిప్పే ఎందుకంటే ఆపితే కొన్ని గంటల్లో దాని ప్రభావం పోతుంది, పైగా ప్రోటమీన్ అనే విరుగుడు ఉంది. అసలు ఇవ్వడానికి వీల్లేదనుకుంటే పొట్టలోని పెద్ద సిరలో ఒక జల్లెడ లాంటి ఫిల్టర్ పెట్టి, ప్రమాదం తగ్గాక తీసేస్తారు. రోజూ డాక్టర్‌ని కలిసినప్పుడు "ఎలా ఉన్నారు" అని అడిగితే "స్టేబుల్" అనే జవాబు వస్తుంది, దానికంటే "బ్లీడింగ్ ఎక్కడి నుంచో తెలిసిందా, ఆగిందా? కాలిలో క్లాట్ పైకి పాకిందేమో డాప్లర్ స్కాన్ మళ్ళీ చేశారా?" అని అడగండి. మీ తమ్ముడినే అడగమనండి, కోపం కాస్త పనికొస్తుంది.

అన్నట్టు నల్లటి మోషన్ అన్నారు, ఐరన్ మందు వాడినా నల్లగానే అవుతుంది, రక్తం వల్ల అయితే తారులా జిగటగా ఉండి ఒక రకమైన ఘాటు వాసన వస్తుంది. మీ నాన్నగారికి హీమోగ్లోబిన్ కూడా పడింది కాబట్టి అక్కడ అనుమానం లేదు.

ప్ర: మా వదినకి ఫ్లూ ముదిరి న్యుమోనియా అయింది. మొదటి ల్యాబ్‌లో డి-డైమర్ 2.4 వచ్చింది, హాస్పిటల్ మార్చాక అక్కడ 1180 వచ్చింది. ఒక్క రోజులో అంత పెరిగితే బతుకుతుందా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, నాకు నిద్ర పట్టట్లేదు.

జ: పడుకోండి. ఆ రెండు రిపోర్టుల్లో అంకె పక్కన సన్నగా ఏం రాశారో చూడండి. మొదటిదాంట్లో మైక్రోగ్రాములు, ఎఫ్ఈయూ అని ఉండి ఉంటుంది, రెండోదాంట్లో నానోగ్రాములు, డీడీయూ అని. 2.4 మైక్రోగ్రాములంటే 2400 నానోగ్రాములు. ఎఫ్ఈయూ, డీడీయూ అనేవి ఒకే డి-డైమర్‌ని లెక్కపెట్టే రెండు కొలతలు, ఎఫ్ఈయూ లెక్క డీడీయూ లెక్కకి ఇంచుమించు రెట్టింపు ఉంటుంది. అంటే 2400ని సగం చేస్తే 1200, మీకు వచ్చింది 1180. పెరగలేదు, ఉన్నచోటే ఉంది. ఈ యూనిట్ల గందరగోళం వల్ల ఎన్ని ఇళ్ళలో ఏడుపులు అయ్యాయో చెప్పలేను, ల్యాబులన్నీ కూర్చుని ఒకే పద్ధతి పెట్టుకుంటే పోయేది, పెట్టుకోరు.

డి-డైమర్ అంటే క్లాట్ కరిగేటప్పుడు పడే తుక్కు. ఒంట్లో ఎక్కడో క్లాట్ తయారై కరుగుతోందని చెప్తుంది, ఎక్కడో చెప్పదు, ఎందుకో చెప్పదు. ఎఫ్ఈయూ లెక్కలో 500 నానోగ్రాముల లోపు ఉంటే మామూలు అంటారు గానీ వయసుతో పెరుగుతుంది, 50 దాటినవాళ్ళకి వయసుని పదితో గుణించి ఆ లోపు ఉంటే సరే అనుకునే పద్ధతి ఉంది, అంటే 70 ఏళ్ళ మనిషికి 700 దాకా. గర్భంలో, ఆపరేషన్ తర్వాత, క్యాన్సర్‌లో, ఏ ఇన్ఫెక్షన్‌లోనైనా పెరుగుతుంది. బయట నడుచుకుంటూ వచ్చిన మనిషికి అది మామూలుగా ఉంటే క్లాట్ లేదని కొట్టేయడానికి బాగా పనికొస్తుంది, ఐసీయూలో పడుకున్న మనిషికి మామూలుగా ఉండటమే అరుదు. అక్కడ ఒక్కరోజు అంకెకి విలువ తక్కువ, అదే ల్యాబ్‌లో రోజు మార్చి రోజు చూస్తే ఎటు పోతోందో అది ముఖ్యం. ఉన్నట్టుండి బాగా ఎగబాకి, దాంతోపాటు ఆక్సిజన్ కూడా పడిపోతే అప్పుడు క్లాట్ కోసం వెతుకుతాం. డి-డైమర్ అంకె ఒక్కటే చూసి థిన్నర్ డోసు పెంచడం నాకు నచ్చదు.

ప్ర: సర్, నేను ఇంజనీర్‌ని, కొంచెం లాజికల్‌గా ఆలోచిస్తాను. కోవిడ్‌లో చనిపోయేది క్లాట్ల వల్లే అంటున్నారు, క్లాట్లకి మందు హెపారిన్. మరి ఐసీయూలో ఉన్న మా మామయ్యకి రోజుకి ఒక్క 40 ఎంజీ ఇంజెక్షనే ఇస్తున్నారు. ఫుల్ డోసు ఇవ్వమంటే వద్దంటున్నారు. ఖర్చు మిగుల్చుకోడానికా?

జ: మీ లాజిక్ బావుంది, 2020లో ప్రపంచంలో సగం మంది డాక్టర్లు కూడా ఇలాగే ఆలోచించారు, కొందరు అలాగే ఇచ్చేశారు కూడా. తర్వాత దాన్ని పరీక్షించారు. రీమ్యాప్-క్యాప్, యాక్టివ్-4ఏ, అటాక్ అని మూడు పెద్ద ట్రయల్స్ కలిసి ఒకే ప్రశ్న అడిగాయి, ఫుల్ డోసా, మామూలు నివారణ డోసా అని. ఫలితాలు 2021 ఆగస్టులో వచ్చాయి. ఐసీయూ స్థాయి పేషెంట్లు దాదాపు 1100 మంది, వాళ్ళలో ఫుల్ డోసు తీసుకున్నవాళ్ళు 62.7 శాతం మంది బతికి ఇంటికెళ్ళారు, మామూలు డోసు వాళ్ళు 64.5 శాతం. లాభం లేదు. పెద్ద బ్లీడింగ్ మాత్రం ఫుల్ డోసులో 3.8 శాతం, రెండోదాంట్లో 2.3 శాతం. ఐసీయూ పేషెంట్లని చేర్చుకోవడం 2020 డిసెంబర్‌లోనే ఆపేశారు, ఇంక నడిపినా ఉపయోగం లేదని తేలిపోయింది కాబట్టి.

ఇక్కడే అసలు తమాషా ఉంది. అదే మందు, అదే డోసు, వార్డులో ఉండి ఇంకా ఐసీయూ దాకా వెళ్ళని 2200 మందికి పైగా పేషెంట్లకి ఇచ్చి చూస్తే లాభం కనపడింది, వెంటిలేటర్ లాంటి సపోర్టు అవసరం లేకుండా బయటపడ్డవాళ్ళు 80.2 శాతం, రెండో వర్గంలో 76.4. అంటే మందు మంచిదా చెడ్డదా కాదు, ఎప్పుడు ఇచ్చారన్నదే ముఖ్యం. ముందుగా ఇస్తే క్లాట్లు మొదలవకుండా అడ్డుపడుతుంది, ఐసీయూకి చేరేసరికి ఊపిరితిత్తుల సన్ననాళాల్లో జరగాల్సిన నష్టం చాలా జరిగిపోయి ఉంటుంది, అప్పుడు హెపారిన్ ఎంత పోసినా వెనక్కి తేలేదు, బ్లీడింగ్ రిస్క్ మాత్రం మిగులుతుంది అని ఎక్కువమంది అనుకుంటున్నారు. మధ్యేమార్గంగా కొంచెం ఎక్కువ డోసు ఇద్దామా అని ఇరాన్‌లో 562 మంది ఐసీయూ పేషెంట్ల మీద చూశారు, అందులోనూ తేడా రాలేదు.

ఒక్క విషయం. ఇదంతా క్లాట్ ఇంకా కనపడని మనిషికి. స్కాన్‌లోనో డాప్లర్‌లోనో క్లాట్ ఉందని రుజువైతే, లేదా గుండెలో మెకానికల్ వాల్వ్ ఉంటే, ఫుల్ డోసే ఇవ్వాలి, అప్పుడు 40 ఎంజీ చాలదు. కాబట్టి మీరు అడగాల్సింది "ఫుల్ డోసు ఎందుకివ్వరు" అని కాదు, "క్లాట్ ఉందేమో చూశారా, ఎలా చూశారు" అని. ఖర్చు సంగతంటారా, ఫుల్ డోసు వల్ల బిల్లు పెద్దగా పెరిగేదేం కాదు, ఆ అనుమానం వదిలేయండి.

ప్ర: ఇంట్లోనే ఉండి వైరల్ ఫీవర్‌తో బాధపడుతున్నప్పుడు క్లాట్ రాకుండా ముందుజాగ్రత్తగా ఆస్పిరిన్ వేసుకోవచ్చా?

జ: వద్దు. హాస్పిటల్లో చేరిన 14,892 మంది కోవిడ్ పేషెంట్ల మీద బ్రిటన్‌లో రికవరీ ట్రయల్‌లో చూస్తే ఆస్పిరిన్ ఇచ్చినా ఇవ్వకపోయినా మరణాలు 17 శాతమే. ప్రతి వెయ్యి మందిలో ఓ ఆరుగురికి క్లాట్ తప్పింది, ఇంకో ఆరుగురికి పెద్ద బ్లీడింగ్ అయింది, చెల్లుకి చెల్లు. పైగా మీకొచ్చింది డెంగ్యూ అయితే ఆస్పిరిన్ ఇంకా ప్రమాదం. గుండెకి స్టెంట్ వేయించుకుని ఆల్రెడీ వాడుతున్నవాళ్ళు మాత్రం జ్వరం వచ్చిందని వాళ్ళంతట వాళ్ళు ఆపేయకూడదు, డాక్టర్‌కి ఫోన్ చేసి అడగాలి.

ప్ర: మా అన్నయ్య కొడుక్కి 24 ఏళ్ళు, డెంగ్యూ. ప్లేట్‌లెట్స్ 18 వేలకి పడిపోయాయి. బ్లీడింగ్ ఏమీ లేదు, అయినా 18 వేలంటే భయమే కదా, డాక్టర్ గారు ప్లేట్‌లెట్స్ ఎక్కించనంటున్నారు, ఫ్రెండ్స్ పది మంది డోనర్లు రెడీగా ఉన్నారు. ఆవిడ నిర్లక్ష్యం చేస్తున్నారా?

జ: లేదు, ఆవిడ సరిగ్గా చేస్తున్నారు, మీ అందరి ఒత్తిడినీ తట్టుకుని చేస్తున్నారు కాబట్టి ఇంకొంచెం గౌరవించాలి. సింగపూర్, మలేషియాల్లో 372 మంది పెద్దవాళ్ళ మీద చేసిన స్టడీ 2017లో వచ్చింది, ప్లేట్‌లెట్స్ 20 వేలో అంతకంటే తక్కువో ఉండి పెద్దగా బ్లీడింగ్ లేనివాళ్ళు, సగం మందికి ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. బ్లీడింగ్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, రియాక్షన్లు మాత్రం ఎక్కించినవాళ్ళలో ఎక్కువ వచ్చాయి. ఎక్కించిన ప్లేట్‌లెట్స్ డెంగ్యూలో ఎక్కువసేపు నిలవవు, జబ్బు తగ్గే దశకి వస్తే సొంతవే పెరుగుతాయి.

డెంగ్యూలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ల అంకె కాదు, రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, బయటికి కారిపోవడం. అది మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, విచిత్రంగా జ్వరం తగ్గినప్పుడే మొదలవుతుంది, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య తగ్గిపోయింది అనుకునే టైములో. అందుకే సీబీసీ రిపోర్టులో ప్లేట్‌లెట్స్ గడే కాకుండా హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) గడి కూడా చూడండి, అది 40 నుంచి 48కి ఎక్కిందంటే ప్లాస్మా కారుతోందని అర్థం, అప్పుడు కావాల్సింది సెలైన్, అదీ లెక్కగా. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా ఉండటం, చేతులు చల్లబడటం, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, వీటిలో ఏది కనపడినా అర్ధరాత్రైనా సిస్టర్‌ని పిలవండి. నిజంగా బ్లీడింగ్ మొదలైతే ప్లేట్‌లెట్స్ ఎక్కిస్తారు, అప్పుడు మీ పది మంది ఫ్రెండ్స్ పనికొస్తారు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, కండలోకి ఇంజెక్షన్లూ వద్దు.

కోవిడ్‌లో క్లాట్‌కి భయపడి థిన్నర్ ఇస్తాం, డెంగ్యూలో దాని జోలికే పోం. అన్నీ వైరస్‌లే కదా అని ఒకదాని మందు ఇంకోదానికి వాడకూడదు. ఎబోలా అంటే ఒళ్ళంతా రక్తం కారుతుందని అనుకుంటారు గానీ, 2014లో పశ్చిమ ఆఫ్రికాలో పెద్ద ఎత్తున వచ్చినప్పుడు ఎక్కువమంది పేషెంట్లలో పైకి కనపడే బ్లీడింగే లేదు, వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి, షాక్‌లోకి వెళ్ళి చనిపోయారు.

ప్ర: మా ఆయనకి హెపారిన్ మొదలుపెట్టిన ఏడో రోజున ప్లేట్‌లెట్స్ 2 లక్షల 40 వేల నుంచి 90 వేలకి పడిపోయాయి. ప్లేట్‌లెట్స్ తగ్గితే బ్లీడింగ్ అవుతుంది కదా, వీళ్ళేమో హెపారిన్ ఆపేసి దాని బదులు ఇంకేదో థిన్నర్ ఎక్కిస్తున్నారు. ఇదేం వైద్యం?

జ: చాలా మంచి వైద్యం. చూడగానే తప్పనిపిస్తుంది, నిజం చెప్పాలంటే జూనియర్ డాక్టర్లు కూడా ఇక్కడ తడబడతారు. దీన్ని హిట్ అంటారు. కొందరి ఒంట్లో హెపారిన్‌కి, ప్లేట్‌లెట్స్‌లోంచి వచ్చే ఒక ప్రొటీన్‌కి కలిపి యాంటీబాడీలు తయారవుతాయి, అవి ప్లేట్‌లెట్స్‌ని రెచ్చగొడతాయి, రెచ్చిపోయిన ప్లేట్‌లెట్స్ ఒకదానికొకటి అతుక్కుని క్లాట్లు కడతాయి, అలా ఖర్చైపోవడం వల్ల రిపోర్టులో అంకె తగ్గుతుంది. అంటే అంకె తగ్గింది గానీ ప్రమాదం బ్లీడింగ్ వైపు కాదు, క్లాట్ వైపు. హెపారిన్ మొదలుపెట్టిన ఐదు నుంచి పది రోజుల మధ్య, ప్లేట్‌లెట్స్ సగానికి పైగా పడిపోతే అనుమానించాలి, మీ ఆయనకి టైమూ సరిపోయింది, అంకే సరిపోయింది. హెపారిన్ ఆపాలి కానీ థిన్నర్ ఆపకూడదు, అందుకని ఆర్గాట్రోబాన్, బైవాలిరుడిన్ లాంటి వేరే జాతి మందు ఇస్తారు. బ్లీడింగ్ లేకపోతే ప్లేట్‌లెట్స్ ఎక్కించరు.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. హెపారిన్ ఇంజెక్షన్ ఆపినా, సెలైన్ లైన్లు మూసుకుపోకుండా కడగడానికి వాడే నీళ్ళలో కూడా కొన్నిచోట్ల హెపారిన్ కలుపుతారు, డయాలిసిస్ మెషీన్‌లో కూడా. అది కూడా ఆపారా అని సిస్టర్‌ని ఒకసారి మర్యాదగా అడగండి. టెస్టులో హిట్ అని ఖాయమైతే కేస్ షీట్ మీద, డిశ్చార్జ్ సమ్మరీ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి, ముందు ముందు ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా ఇది ముందే చెప్పాలి.

ప్ర: ఎక్మో మీద పెట్టినవాళ్ళకి మెదడులో బ్లీడింగ్ అవుతుందని విన్నాం. మా చెల్లెల్ని పెడతామంటున్నారు. సంతకం పెట్టాలా వద్దా?

జ: సంతకం నిర్ణయం మీది, మీ చెల్లెల్ని చూస్తున్న డాక్టర్‌ది, దూరం నుంచి నేను చెప్పడం సబబు కాదు. ఎందుకవుతుందో మాత్రం చెప్తాను. ఎక్మోలో ఒంట్లోని రక్తాన్ని ప్లాస్టిక్ గొట్టాల్లోంచి తీసి, ఆక్సిజనేటర్ అనే పొరల డబ్బాలోంచి పంపి, మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. ప్లాస్టిక్ తగలగానే రక్తం గడ్డకట్టాలని చూస్తుంది, అందుకే హెపారిన్ ఇవ్వాలి. ఇంకోపక్క పంపు వేగానికి వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ పొడుగాటి అణువులు తెగిపోతాయి, ఎక్మో మీదున్న దాదాపు అందరిలో ఇది జరుగుతుంది, ప్లేట్‌లెట్స్ కూడా నలుగుతాయి. అంటే మెషీన్‌లో క్లాట్, మనిషిలో బ్లీడింగ్. బయట నుంచి చూస్తే, ప్రతి షిఫ్టులో సిస్టర్ టార్చ్ లైట్ పట్టుకుని ఆ ఆక్సిజనేటర్ మీద వేసి నల్లటి చుక్కలు, తెల్లటి దారాలు ఏమైనా కనపడుతున్నాయా అని చూస్తుంటారు, అవి పెరిగితే సర్క్యూట్, అంటే ఆ గొట్టాలూ డబ్బా, మారుస్తారు. బ్లీడింగ్ మొదలైతే కొన్ని గంటలో, కొన్ని రోజులో హెపారిన్ పూర్తిగా ఆపి, ఫ్లో పెంచి నడుపుతారు, చాలాసార్లు నడుస్తుంది. మెదడులో బ్లీడింగ్ అయితే మాత్రం పరిస్థితి కష్టం, అది దాచిపెట్టి లాభం లేదు. ఎక్మో దాకా వచ్చారంటే వెంటిలేటర్‌తో ఇంక సరిపోవట్లేదని అర్థం, కాబట్టి రిస్క్‌ని రిస్క్ లేకపోవడంతో పోల్చకండి, ఎక్మో పెట్టకపోతే ఉండే రిస్క్‌తో పోల్చి చెప్పమని డాక్టర్‌ని అడగండి.

ప్ర: అత్తగారు ఐసీయూ నుంచి ఇంటికొచ్చారు. ఊపిరితిత్తుల్లో క్లాట్ వచ్చిందట. మాత్రలు రాసిచ్చారు, ఎన్నాళ్ళు వాడాలి? పళ్ళు తోముకుంటే కొంచెం రక్తం వస్తోందని ఆవిడే మానేస్తానంటున్నారు.

జ: మానేయనివ్వకండి. క్లాట్ రుజువైనవాళ్ళకి కనీసం మూడు నెలలు, ఆ తర్వాత ఆపాలా పొడిగించాలా అనేది డాక్టర్ చూసి చెప్తారు. క్లాట్ రాలేదు గానీ వచ్చే రిస్క్ ఎక్కువున్నవాళ్ళ కథ వేరు, బ్రెజిల్‌లో కోవిడ్ నుంచి డిశ్చార్జ్ అయిన అలాంటివాళ్ళకి రివరాక్సబాన్ అనే థిన్నర్ మాత్ర 10 ఎంజీ 35 రోజులు ఇస్తే క్లాట్ సమస్యలు 9 శాతం నుంచి 3 శాతానికి తగ్గాయి. అందరికీ కాదది, రిస్క్ ఉన్నవాళ్ళకే.

చిగుళ్ళ నుంచి కాస్త రక్తం వస్తే మెత్తటి బ్రష్ వాడమనండి, అయిదు పది నిమిషాల్లో ఆగిపోతుంటే ఫర్వాలేదు. ఆగకుండా ముక్కు నుంచి కారినా, మోషన్ తారులా అయినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే వెళ్ళాలి. కింద పడి తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనపడకపోయినా, ఆవిడ బానే ఉన్నానన్నా సరే, చూపించాల్సిందే. రెండో వైపు, ఒక కాలు పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే గుచ్చినట్టు నొప్పి, ఇవి క్లాట్ లక్షణాలు, వీటికీ వెంటనే వెళ్ళాలి. ఒక పూట మాత్ర మర్చిపోతే తర్వాత రెండు కలిపి వెయ్యకండి. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే పెయిన్ కిల్లర్లు ఈ మూడు నెలలూ ముట్టుకోవద్దనండి, ఈ వయసులో నేను చూసే బ్లీడింగ్ కేసుల్లో దీని వాటా తక్కువేం కాదు.

ప్ర: పొట్టకి ఇచ్చిన ఇంజెక్షన్ల వల్ల బొడ్డు చుట్టూ నల్లగా, నీలంగా మచ్చలు పడ్డాయి. ప్రమాదమా?

జ: ఎనాక్సపారిన్ ఇంజెక్షన్‌కి అది మామూలే, రెండు మూడు వారాల్లో పసుపు రంగులోకి మారి పోతాయి. ఇంట్లో ఇస్తుంటే బొడ్డుకి రెండంగుళాల దూరంగా, ఒక రోజు కుడివైపు, ఒక రోజు ఎడమవైపు, చర్మాన్ని మడతలా పట్టుకుని నిటారుగా గుచ్చాలి, సిరంజిలో కనపడే చిన్న గాలి బుడగని బయటికి తీసేయకూడదు, గుచ్చాక ఆ చోటుని రుద్దకూడదు, రుద్దడం వల్లే సగం మచ్చలు. కానీ మచ్చ కాకుండా పొట్ట గోడలో గట్టిగా ముద్దలా చేతికి తగులుతూ పెరుగుతుంటే, దగ్గితే అక్కడ బాగా నొప్పొస్తుంటే, కళ్ళు తిరుగుతుంటే, లేదా తొడ పైభాగం, నడుము పక్కన నొప్పి వచ్చి కాలు చాపలేకపోతుంటే అది చర్మం మీద మచ్చ కాదు, లోపల కండరంలో బ్లీడింగ్ అయ్యుండొచ్చు. ఆ రోజు ఇంజెక్షన్ ఇవ్వకుండా హాస్పిటల్‌కి వెళ్ళండి, హీమోగ్లోబిన్, సీటీ స్కాన్ చూస్తారు.